నా ఒంటికి భూసార పరీక్ష

పెళ్లి సంబంధాన్ని ఎన్ని రకాలుగా చెడగొట్టుకోవచ్చో లోకంలో చాలామంది చూపించారు. వంటసోడాతో చెడగొట్టుకోబోయిన ఘనుణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. నవ్వండి, నేనేమీ అనుకోను.

చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రిలో మాది ఎరువుల దుకాణం. వరి రైతులు మట్టి తెస్తే నీళ్లలో కలిపి, ఆమ్లాన్ని బట్టి రంగు మారే కాగితం ముంచి, ఆమ్లం ఎక్కువని తేలితే సున్నం చల్లమని చెప్పేవాణ్ణి. ఆ మాత్రం విద్యకే నాలో ఒక డాక్టరు మేల్కొన్నాడు. దానికి తోడు, సకల రోగాలకూ ఒంట్లోని ఆమ్లమే మూలమని ఫోను వీడియోలో ఒక పెద్దమనిషి సెలవిచ్చాడు. ఇంకేం, దుకాణం కాగితాన్ని నా మూత్రంలో ముంచాను. ఆమ్లం ఉందన్నట్టు పసుపుపచ్చగా మారింది. పొలమైతే సున్నం బస్తా రాసేసేవాణ్ణి. మనిషిని గనక, నామీద నేనే దయతలచి వంటసోడాతో సరిపెట్టుకున్నాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకైతే కొండనాలుక కూడా భేషుగ్గానే ఉండింది.

పూటపూటకూ సోడానీళ్లు. ఇంట్లో చింతపండు, నిమ్మకాయ నిషేధం. "గిది చారు గాదు బిడ్డా, పసుపునీళ్లు" అంటూ అమ్మ మూతి ముడుచుకుని వడ్డించేది. శాస్త్రం తెలియని మనిషి పాపం అని జాలిపడేవాణ్ణి.

అప్పుడే విరూర్ సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు లావణ్య, చంద్రపూర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఫోటో చూసిన నాటినుంచి నాకు అన్నం సయించలేదు. (సోడా వల్ల కూడా కావచ్చు.) ఈ పిల్ల కాదంటే బతకలేననిపించింది. అందుకే చూడబోయే రోజున, ఒళ్లు శుద్ధిగా ఉండాలని, సోడా ఇంకాస్త దట్టించి తాగాను.

వాళ్లింట్లో పులిహోర పెట్టారు. అమ్మాయే చేసిందట. నేను పళ్లెం పక్కకు జరిపి, పులుపు ఎంత ప్రమాదమో అమ్మాయి తండ్రికి ఉపన్యాసం మొదలుపెట్టాను. సగంలో కడుపులోంచి ఒక త్రేన్పు బయల్దేరింది. త్రేన్పా అది? సాస్తి బొగ్గుగనిలో బ్లాస్టింగ్. వెనకాలే ఇంకొకటి. ఆయన చేతిలో చాయ్ ఒలికింది. మా అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

లావణ్య మాత్రం ఏం తాగారని నెమ్మదిగా అడిగింది. కాగితం కథంతా, కొంచెం గర్వంగానే చెప్పాను.

"మూత్రంల యాసిడ్ ఉంటదండి. ఒంట్ల ఎక్కువైనదాన్ని కిడ్నీలు గట్లనే బయట పడేస్తయి. మనం ఊపిరి విడిస్తే గూడ కొంత పోతది. గందుకే రక్తంల ఎంత ఉండాల్నో అంతే ఉంటది" అని, "కచరా డబ్బా సూసి ఇల్లంత ఖరాబైందన్నట్టున్నది మీ లెక్క" అంది.

జవాబు చెబుదామని నోరు తెరిచాను. మూడో త్రేన్పు వచ్చింది.

ఇంటికొచ్చి సంబంధం పోయిందని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. మర్నాడు అమ్మాయి తండ్రి ఫోన్ చేశాడు.

"పిల్ల ఒప్పుకున్నది. పిలగాని కిడ్నీలు మంచిగున్నయట, ఊపిరితిత్తులు మంచిగున్నయట. బుర్ర ఒక్కటే పనిచేస్తలేదట. దాన్ని తను సూసుకుంటదట."

కనుక సకల రైతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా ఒంటికి నేను వైద్యం చేసుకోను. చేసుకోవాలని బుద్ధి పుట్టినా లాభం లేదు. మా ఇంట్లో వంటసోడా డబ్బాకు తాళం ఉంది, తాళంచెవి లావణ్య కొంగున ఉంది.