పడుగు పట్టేంత వీధి

1962లో కరీంనగర్ జిల్లాలోని ఒక చిన్న పట్నంలో నేతగాళ్లకు ఇళ్లు కట్టించే మహాకార్యానికి ముగ్గురు నడుం కట్టారు. జాగా పురపాలక సంఘానిది, అప్పు సర్కారుది, రెక్కల కష్టం నేత సొసైటీది. ముగ్గురూ నాలుగుసార్లు సమావేశమై, చాయ్ బాగుందని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

వేముల చంద్రవ్వకూ ఒక ఇల్లు మంజూరైంది. భర్త పోయాక మగ్గం మీదే ఇద్దరు ఆడపిల్లలను సాకుతున్న మనిషి. నేల మీద సున్నంతో గీసిన కాలనీని చూసి ఆమె నిలువునా నీరైంది. వీధులన్నీ పదిహేను గజాలకోసారి అందంగా మలుపు తిరిగాయి. మగ్గమెక్కే నిలువు నూలు, ఆ పడుగు, సాచి గంజి పెట్టాలంటే వీధి నలభై గజాలు తిన్నగా కావాలి. అది లేకుంటే ఇల్లుంటుంది, కూడుండదు.

మర్నాడు పొద్దున్నే ఆమె తన పడుగును ఆ గీతల మీదుగా సాచింది. అది నాలుగు వంటిళ్లను, ఒక సమావేశ మందిరాన్ని దాటిపోయింది.

"ఇదేంటమ్మా, గోడలు కట్టే చోటిది," అన్నాడు సర్కారు ఇంజనీరు.

"గోడలింక లేవలే గద సారూ. జర పక్కకు జరుపుండ్రి. పడుగు మలుపు తిరగదు."

"ప్లాను పాసైపోయింది."

"ప్లానుకు ఆకలైతదా సారూ? మా పిల్లలకైతది."

సొసైటీ అధ్యక్షుడు రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. "వదినె చెప్పింది నిజమే సారూ. గిట్లుంటే మేమెవ్వరం రాము."

"మాటలు తర్వాత," అంది చంద్రవ్వ. "గంజి ఆరుతున్నది. గా కొస జర పట్టుండ్రి."

ఇంజనీరు ఒక కొస పట్టాడు, తగాదా చూడవచ్చిన పురపాలక సంఘం అధ్యక్షుడు మరొకటి పట్టాడు, రాయమల్లు గంజి కుంచె అందుకున్నాడు. మూడు పక్షాలూ కలిసి చేసిన మొదటి పని అదే. పడుగు ఆరాక, ఇంజనీరు దాని పక్కనే తిన్నగా కొత్త సున్నం గీత గీయించాడు.