వడగళ్ళకు వారంటీ లేదు

ఓపల్‌కి చెల్లెలంటే ప్రాణం, చెల్లెలి సుఖమంటే కంటగింపు. లబ్బక్ ఊళ్ళో ఆ వీధివాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. బెరిల్ ఎదురిల్లు కొనుక్కుని వచ్చిన రోజున పీచ్‌పళ్ళ తీపి వంటకం చేసి పట్టుకెళ్ళిందీ ఓపలే, ఆ వంటగది తనదానికంటే పెద్దదని నిద్ర పాడుచేసుకున్నదీ ఓపలే.

ఆ జూలైలో బెరిల్ ఇంట్లో ఏసీ చచ్చింది. వెంటనే ఒక వ్యాను వచ్చింది, మనుషులు దిగారు, కొత్తది బిగించి పోయారు. ఓపల్ వరండాలో ఐస్ టీ పట్టుకుని అంతా చూసింది. ఆగలేక రోడ్డు దాటింది.

"డబ్బు బాగా వదిలిందా ఏమే?"

"ఎక్కడ వదిలింది అక్కా! వచ్చినందుకు చిన్న ఫీజు, అంతే. ఇల్లు అమ్మినాయన ఒక కంపెనీకి వారంటీ డబ్బు కూడా కట్టిచ్చాడుగా. ఫ్రిజ్, పొయ్యి, వాటర్ హీటర్... ఇంట్లో ఏది పాడైనా వాళ్ళదే పూచీ."

"ఏది పాడైనానా?"

"ఏది పాడైనా!" అంది బెరిల్, కాస్త గొప్పకి పోయి.

ఓపల్ విసురుగా ఇంటికొచ్చేసింది. మొగుడు పోయాక బడి క్యాంటీన్లో వండి వండి తన ఇంటి అప్పు కడుతోంది, దాంతోపాటు ఇంటి బీమా కూడా. తన ఏసీ ఆగిపోయినప్పుడు ఆ బీమావాళ్ళు ఏమన్నారు? "గాలివానకో, మంటలకో పోతే మేం ఇస్తాం. పాతబడి పోతే మాకు సంబంధం లేదు." అందులో ఇవ్వరన్న ముక్క ఒక్కటే ఆవిడ చెవికెక్కింది. మొదటి ముక్క గాలికి పోయింది.

ఆ ఏడాది చివర్లో అప్పు తీరింది. తీరేదాకా బీమా ఉండి తీరాలని బ్యాంకువాళ్ళు నెత్తిన కూర్చున్నారు. ఇక అడిగేవాడు లేడు. ఓపల్ బీమా మానేసి, చెల్లెలిదానికంటే పెద్ద వారంటీ తీసుకుంది. "నీకు బీమా కూడా ఉందా?" అని బెరిల్‌ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ చెల్లెల్ని సలహా అడగడమా? ఓపలా? చచ్చినా అడగదు.

చలికాలంలో వాటర్ హీటర్ పోతే, వారంటీవాళ్ళు మారుమాట లేకుండా కొత్తది పెట్టారు. ఓపల్ చెల్లెల్ని పిలిచి మరీ కుళాయి తిప్పింది.

"పెట్టవే చెయ్యి. ఎలా ఉంది?"

"వేడిగానే ఉంది."

"నీదానికంటే పెద్దది!"

"అయితే స్నానానికి రోజూ ఇక్కడికే వస్తాలే" అని నవ్వింది బెరిల్. ఆ నవ్వు కూడా ఓపల్‌కి గుచ్చుకుంది.

మే నెలలో నిమ్మకాయలంత వడగళ్ళు పడ్డాయి. వీధిలో ఏ ఇంటి కప్పూ మిగల్లేదు. తెల్లారేసరికి వీధి నిండా కప్పులు వేసేవాళ్ళ బళ్ళు. బీమా మనిషి నిచ్చెన వేసుకుని బెరిల్ ఇంటిమీద తిరుగుతుంటే, ఓపల్ లోపల ఫోనులో వారంటీ అమ్మాయితో పోట్లాడుతోంది.

"వాడగా వాడగా అరిగిపోయినవి మావి మేడమ్. పైనుంచి వడగళ్ళు పడి విరిగినదానికి మీ బీమా ఉంటుందిగా, వాళ్ళకి ఫోన్ చెయ్యండి."

ఓపల్ ఫోను పెట్టేసింది.

కొద్దిరోజులకే బెరిల్ ఇంటి కొత్త కప్పు పూర్తయింది, మెరిసిపోతోంది. ఎదురుగా ఓపల్ ఇంటి కప్పుమీద వాన కారకుండా వేసిన నీలం ప్లాస్టిక్ పట్టా.

"మీ బీమా మనిషి ఇంకా రాలేదేం అక్కా?"

"వస్తాడు. నీకెందుకే తొందర?"

బెరిల్ అక్క మొహంలోకి చూసింది. "మానేశావా?" అంది మెల్లగా. ఓపల్ పైన పట్టాకేసి చూసింది. "పిచ్చిదానా, నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?" అని బెరిల్ ఏడ్చేసి, అక్క పక్కబట్టలు తనే చుట్టి, అక్కని తన ఇంటికి తీసుకెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. ఓపల్ బెరిల్ ఇంటి కిటికీలోంచి చూస్తే తన ఇంటి నీలం పట్టా లేచిపోయి కంచెకి చుట్టుకుని ఉంది. ఆ చిల్లుల కప్పు కింద కొత్త వాటర్ హీటర్ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది.

"కాఫీ తాగు అక్కా" అంటూ వచ్చింది బెరిల్.

ఓపల్ కాఫీ అందుకుని, తలెత్తి బెరిల్ ఇంటి కప్పుకేసి చూసింది. ఎక్కడో ఒకచోట, ఒక్క చుక్కైనా కారకపోతుందా అని మూలమూలా వెతికింది. ఎక్కడా కారలేదు.