కాలవ పంపిన మెసేజ్

దయ్యాల్ని నమ్మకపోవడంలో నాకు యాభై రెండేళ్ల సర్వీసు ఉంది. మా ఇంట్లో అర్ధరాత్రి గిన్నె కింద పడితే అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు, నేను పిల్లిని తిడతాను. అలాంటి నాకు పట్టపగలు, హైటెక్ సిటీ నడిబొడ్డున, దిండంత సమోసా తింటుండగా జరిగిన సంగతి ఇది. పెంచి చెప్పే జబ్బు నాకుందని మా ఆవిడ అంటుంది. సమోసా సైజు తప్ప ఇందులో ఏదీ పెంచలేదు.

మాది గోదావరి జిల్లా. మూడేళ్లుగా మణికొండలో ఉంటూ, రోడ్డు పక్క వాననీటి కాలవల్ని చూసుకునే ఓ చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. అద్దాల ఆఫీసుల వెనక మా ప్రయోగాల కాలవ ఒకటుంది. రోడ్డు మీద కారిన ఆయిలూ టైర్ల మసీ వానతో పాటు అందులోకి దిగుతాయి. కంకర, ఇసుక, వట్టివేరు దుబ్బుల మధ్య నుంచి ఆ నీళ్లు నింపాదిగా నడిచి, తేరుకుని బయటపడాలి.

రెండు చివర్లా నీటిమట్టం కొలిచే మిషన్లున్నాయి. ఒక్కోదాంట్లో ఒక సిమ్. గంటకోసారి నా ఫోన్‌కి ఒక అంకె పంపుతాయి. వాటిని కాలవ-1, కాలవ-2 అని సేవ్ చేసుకున్నాను.

ఆ వట్టివేరు నాటి, కన్నపిల్లల్లా పెంచింది యాదమ్మ. బోరబండ నుంచి రోజూ రైల్లో వస్తుంది. మా పైవాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. మూడు వానల్లో, కాలవలోకి నీళ్లు దిగిన మొదటి పావుగంటలోనే, రెండు చివర్లా ఒకేసారి సీసాలు పట్టాలి. రోడ్డు మురికంతా ఆ మొదటి నీళ్లలోనే ఉంటుంది మరి. మూడూ ల్యాబులో పాసైతే కాలవ బతుకుతుంది, యాదమ్మకి పర్మనెంటు మాలి ఉద్యోగం. లేకపోతే కాలవ మీద స్లాబు, యాదమ్మ ఇంటికి.

రెండు పాసయ్యాయి. మూడో వాన మాత్రం నాతో పంతం పట్టింది. నేను కాలవ దగ్గర గొడుగేసుకుని కూర్చుంటే ఎండ కాసేది. తల దువ్వుకోవడానికి ఇంటికి వెళ్తే కుండపోత. అలా నాలుగు వానలు జారిపోయి, పైవాళ్లిచ్చిన గడువు వారానికి వచ్చింది.

ఆ పొద్దున యాదమ్మ కాలవ-2 పైపు పీకి ఆకులు దులిపింది. చుక్క నీరు లేకుండానే నా నీటిమట్టం గ్రాఫు తాటిచెట్టంత లేచి, లెక్కంతా పాడైంది. "మీవల్లే స్లాబు పడేట్టుందండి" అనేశాను. గేదెని కూడా అండి అని పలకరించే ఊరు మాది, తిట్టులోనూ అండి పోదు. ఆమె చీపురు తీసుకుని అవతలి చివరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి క్యాంటీన్లో ఉన్నాను. బయట ఎండ పెళపెళలాడుతోంది. యాప్‌లో సూర్యుడు నవ్వుతున్నాడు. ఫోన్ మోగింది. కాలవ-2. అంకె లేదు. తెలుగులో, వత్తు కూడా తప్పకుండా ఇలా ఉంది:

"అలుగు దుంకుతది. జల్ది రా."

మా గోదావరి కాలవలకి లాకులుంటాయి. అలగడమనేది మా వైపు అల్లుళ్లు చేసే పని. కాబట్టి నాకు అర్థమైంది ఒక్కటే. యాదమ్మ అలిగింది, దూకబోతోంది. కాలవ లోతు మోకాలిదాకానే. అయినా అలిగిన మనిషి లోతు కొలుచుకుని దూకుతుందా?

సమోసా వదిలేశాను. నా జీవితంలో అదే మొదటిసారి. స్కూటర్ మీద నా పొట్ట ముందు, నేను వెనక. దారిలో ఒక సిగ్నల్ దగ్గర నేను ఆగిన సేపట్లో ఒక తరం ఉద్యోగులు రిటైరై ఉంటారు.

వెళ్లేసరికి యాదమ్మ చెట్టు నీడన సద్ది విప్పుకుని తింటోంది.

"పొద్దున అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానండి. మీరు మాత్రం దూకొద్దు" అన్నాను, రొప్పుతూ.

"ఏడ దుంకొద్దు సారు?"

"కాలవలో."

"గీ మోరిలనా? నా పట్టీలు గూడ తడ్వయి. ఎండ కొట్టినట్టుంది నీకు. జర కూసో."

మెసేజ్ చదివి వినిపించాను. ఆమె ముద్ద గిన్నెలో పెట్టేసింది.

"నేను అలుగుడు కాదు సారు. చెరువు నిండితే నీళ్లు పొర్లే జాగను అలుగంటరు. అలుగు దుంకుతదంటే మస్తు నీళ్లు వస్తున్నయని. లే, సీసాలు తియ్యి."

నీళ్ల కంపెనీలో పనిచేస్తూ సర్‌ప్లస్ వియర్ అని రోజుకి పదిసార్లు పలికే నాకు, దాని తెలుగు పేరు అప్పుడు తెలిసింది.

ఎందుకో ఎదురు చెప్పలేకపోయాను. ఎర్రటి ఎండలో ఆమె పై చివర, నేను కింది చివర సీసాలు పట్టుకుని నిలబడ్డాం. అద్దాల మేడ నుంచి చూసేవాళ్లు మమ్మల్ని ఏమనుకున్నారో. ఇరవై నిమిషాల తర్వాత మబ్బొచ్చింది. అది వాన కాదు, ఆకాశానికి అడుగు ఊడిపోయింది. పై చివర యాదమ్మ సీసాలో డికాషన్ రంగు. వట్టివేరు దుబ్బుల మధ్య నుంచి నా దాకా వచ్చిన నీళ్లలో నా వేళ్లు కనిపించాయి. ఇద్దరం నిలువునా తడిసి, పెళ్లి ఊరేగింపులో వాళ్లలా నవ్వుకున్నాం.

మూడోదీ పాసైంది. స్లాబు రద్దు. యాదమ్మ మెడలో ఇప్పుడు ఐడీ కార్డు వేలాడుతోంది, మొక్కలకి నీళ్లు పోసేటప్పుడు కూడా తియ్యదు.

మెసేజ్ సంగతి. కాలవ-2 పెట్టె తాళం నా జేబులోనే ఉంది. యాదమ్మకి చదవడం, రాయడం రావు. మిషన్ అమ్మినాయన వచ్చి విప్పి చూశాడు. దాన్లో అంకెలు తప్ప అక్షరాలు ఉండవట. ఆ నిమిషానికి నీటిమట్టం సున్నా. నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అన్నాడు. నెట్‌వర్క్‌కి తెలంగాణ యాస ఎవరు నేర్పారంటే నీళ్లు తాగాడు.

యాదమ్మకి అసలు ఆశ్చర్యమే లేదు. "ఈ బిల్డింగు కాడ కుంట ఉండెనంట సారు. దాని అలుగు గీడనే. కుంట నీళ్లు చూసుకునే నీరటి ఇల్లిల్లు తిరిగి చెప్పేటోడంట, అలుగు దుంకుతదని. మా అత్త చెప్పేది. ఆయన పని ఆయన చేసిండు, గంతే."

నేను ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. రిపోర్టులో మాత్రం 'వాన సమాచారం ముందుగా ఎలా అందింది' అని ఒక గడి ఉంటే, ఖాళీగా వదలడం ఇష్టంలేక 'నీరటి' అని రాశాను.

పైవాళ్లు ముచ్చటపడిపోయారు. మా యాప్‌లన్నిటికన్నా ఇదే కరెక్టుగా చెప్పింది, మిగతా కాలవలకి కూడా పెట్టిద్దాం, లింకు పంపండి అని వారం వారం అడుగుతున్నారు.