మామగారి కోసం కోసిన మారేడు

మా మామగారు పెళ్లయినప్పటి నుంచీ, అంటే ఆరేళ్లుగా, నాతో మాట్లాడలేదు. అలాగని తిట్టరు, పోట్లాడరు. పెద్దమనిషి. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే మా ఆవిడకి చెబుతారు, నేను పక్కనే నిలబడి ఉన్నా సరే. "అమ్మా, ఆ పెట్టెలో ఊరగాయ జాడీలున్నాయి, జాగ్రత్తగా పెట్టమని మీ ఆయనకి చెప్పు." ఎయిర్‌పోర్టులో పెట్టె నా చేతికిస్తూ అన్న మాట అది. పెట్టె నాకు, మాట ఆవిడకి.

కారణం పెద్ద రహస్యమేం కాదు. మాది ప్రేమ పెళ్లి. ఆయనది తెనాలి, నాది కరీంనగర్. ఆయన ఇంకెవరికో మాటిచ్చేశాక మా ఆవిడ నా సంగతి బయటపెట్టింది. పెళ్లికి వచ్చారు, అక్షింతలు వేశారు, కడుపునిండా భోంచేశారు కూడా. నాతో మాత్రం ఒక్క ముక్క లేదు. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. మొదటి రెండేళ్లు "మాట్లాడకపోతే మానె, నాకేం తక్కువ" అని తిరిగాను. కానీ నిజం చెప్పాలంటే మస్తు బాధగా ఉండేది. మా నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో ఒక పెద్దాయన "ఏమయ్యా" అని పిలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒక్కసారైనా పిలిపించుకోవాలని ఉండేది.

ఆ అవకాశం మా వదిన, అంటే మా ఆవిడ అక్క, కాన్పుతో వచ్చింది. అత్తయ్యా మామగారూ పురుడు పొయ్యడానికి చాండ్లర్‌లో మా వదిన దగ్గరికి వచ్చారు. వినాయక చవితికి వారం ముందు మనవడు పుట్టాడు. పురుడున్న ఇంట్లో పండగ చెయ్యకూడదాయె. మామగారేమో బుద్ధెరిగినప్పటి నుంచీ చవితి పూజ మానింది లేదు. దాంతో అత్తయ్య ఆయన్ని విమానం ఎక్కించి దేశానికి ఈ చివరున్న హెర్న్‌డన్‌లో మా ఇంటికి పంపించేశారు. ఆయన వచ్చింది దేవుడి కోసం, నా కోసం కాదని నాకు తెలుసు. అయినా ఆశ.

వచ్చిన మర్నాడు మా ఆవిడ ఆఫీస్‌కి వెళ్లింది. నాది వర్క్ ఫ్రమ్ హోమ్. ఇంట్లో మేమిద్దరమే. పదకొండింటికి ఆయన సోఫాలో కూర్చుని కూతురికి ఫోన్ చేశారు. "అమ్మా, కాస్త కాఫీ దొరుకుతుందేమో మీ ఆయన్ని కనుక్కో." నేను ఐదడుగుల దూరంలో ఉన్నాను. నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: నాన్నకి కాఫీ. కలిపి ఇచ్చాను. ఒక గుక్క తాగి మళ్లీ ఫోన్ తీశారు. "పంచదార ఎక్కువైందని చెప్పమ్మా." ఓరి దేవుడా! మాటతో దీపాలు వెలిగించే స్పీకర్ ఒకటుంది మా ఇంట్లో, దానితో కూడా ఆయన నేరుగానే మాట్లాడతారు. "లైట్ వెయ్యి తల్లీ" అంటారు. ఆ డబ్బా మీద నాకు నిజంగా అసూయ పుట్టింది.

చవితి రెండ్రోజులుందనగా ఇండియన్ స్టోర్‌లో పత్రి ప్యాకెట్లు అయిపోయాయి. మా ఆవిడ ఆ సంగతి చెబితే ఆయన నిట్టూర్చి, "ఇరవై ఒక్క రకాల ఆకులు ఈ దేశంలో ఎక్కడ దొరుకుతాయిలే, అక్షింతలతో కానిచ్చేద్దాం" అన్నారు. అన్నది కూతురితోనే. పౌరుషం మాత్రం నాకొచ్చింది.

పండగ పొద్దున్నే స్నానం చేసి, పూజకి కావాల్సిన ఆకుల జాబితా ఫోన్‌లో పెట్టుకుని, మా ఇళ్ల వెనకాల చెట్ల మధ్య నడిచే దారి పట్టాను. చెవిలో ఆఫీస్ మీటింగ్, మ్యూట్‌లో. గరిక దొరికింది. మిగతావాటికి పోలికలు చూసుకున్నాను. మేపుల్ ఆకు ఉమ్మెత్త అయింది. ఓక్ మద్ది అయింది. పేరు తెలియనిదల్లా జిల్లేడు. మారేడు దగ్గర మాత్రం ఆ అవసరమే రాలేదు, సాక్షాత్తూ అదే కనపడింది. ఒక్కో కాడకి మూడేసి ఆకులు, నిగనిగలాడుతూ, ఒక పెద్ద మాను చుట్టూ అల్లుకుని ఉంది. మారేడు చెట్టు కదా, ఈ తీగేంటి అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఈ దేశంలో స్విచ్ పైకి వేస్తే దీపం వెలుగుతుంది, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, మారేడు పాకితే పాకిందిలే అనుకున్నాను.

ఒడి నిండా తెంపాను. కుక్కని తిప్పుతున్న ఒక తెల్లావిడ ఆగి, నా చేతుల వైపు చూపిస్తూ గట్టిగా ఏదో చెప్పింది. సరిగ్గా అప్పుడే మేనేజర్ నా పేరు పిలిచాడు. ఆవిడకి నవ్వుతూ చెయ్యి ఊపి, మేనేజర్‌కి "నో ఇష్యూస్" అని చెప్పాను. ఆవిడ కుక్కని దగ్గరికి లాక్కుని గబగబా వెళ్లిపోయింది.

పళ్లెం నిండా పత్రి చూసి మామగారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "అరె, మారేడు దళం!" ఒక ఆకు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "వాసన లేదేమ్మా?"

"ఇక్కడ పూలకే వాసన ఉండదు నాన్నా, ఆకులకేం ఉంటుంది?" మా ఆవిడ వంటింట్లో ఉండ్రాళ్ల దగ్గర నుంచే అరిచింది. ఆ రోజు పత్రి ముట్టుకోలేదు కాబట్టి బతికిపోయింది.

ఆయన సమాధానపడ్డారు. తర్వాత నావైపు చూడకుండానే, "మీ ఆయనకి ఓపిక బానే ఉందే" అన్నారు. నేను గాల్లో తేలిపోయాను.

పూజ ఆయన చేశారు, నేను ఒక్కో ఆకూ అందించాను. "బిల్వపత్రం పూజయామి" దగ్గరికొచ్చేసరికి ఆయన గుప్పెడు ఆకులు తీసి, భక్తిగా కళ్లకద్దుకుని, మట్టి వినాయకుడి పాదాల మీద పెట్టారు. కథ అయ్యాక ఒక దళం ప్రసాదంగా చెవిలో పెట్టుకున్నారు. ఇంకొకటి పళ్లెంలో నావైపు జరిపారు. మాట లేదు, కానీ జరిపారు కదా! నేనూ పెట్టుకున్నాను.

మర్నాడు సాయంత్రం నా చేతులకి దురద మొదలైంది. ఆ తర్వాతి రోజు పొద్దున మామగారు గదిలోంచి బయటికొచ్చారు. ఎడమ కన్ను మూసుకుపోయింది. చెవి మినపగారెలా పొంగింది. "అమ్మా, మీ ఆయనకి కూడా ఉందేమో కనుక్కో" అన్నారు, ఎదురుగా నిలబడి నేను గోక్కుంటుంటే.

మా ఆవిడ ఇద్దర్నీ అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్లింది. తను బయట ఫారాలు నింపుతుంటే మమ్మల్నిద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ మా వాలకం చూసి, ఫోన్‌లో ఒక బొమ్మ తీసి చూపించింది. ఒక్కో కాడకి మూడేసి ఆకులు. పాయిజన్ ఐవీ అట. ముట్టుకుంటే చాలు, పొక్కులే. ఇక్కడ బడికెళ్లే పిల్లలక్కూడా తెలుసట.

"ఇది కంటికెలా తగిలింది?" అంది.

"దేవుడికి పెట్టే ముందు కళ్లకద్దుకున్నారు" అన్నాను.

"మరి చెవికి?"

"అది దేవుడికి పెట్టిన తర్వాత."

ఆవిడ రాసుకోవడం ఆపేసింది. "అసలు తెచ్చిందెవరు?"

 ఇక ఈ జన్మలో ఈయన నాతో మాట్లాడడు, నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను అనుకున్నాను. "నేనే" అన్నాను. మామగారు ఆ బొమ్మని ఒంటికంటితో చాలాసేపు చూశారు. ఏదో చెప్పడానికి అలవాటుగా కూతురి కోసం వెతికారు. తలుపు మూసి ఉంది. నేను కంగారులో మోచెయ్యి బరబరా గోకేసుకుంటున్నాను.

"గోక్కోకయ్యా! పుండవుద్ది."

గదిలో మేమిద్దరం కాక డాక్టరమ్మ ఉంది. ఆవిడకి తెలుగు రాదు. అంటే నాతోనే అన్నారు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని "సరే మామయ్యా" అన్నాను.

ఇక కట్ట తెగింది. మందు తీసుకున్నాక కార్‌లో వెనక సీట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టారు. "తీగకి మారేడు పుడుతుందటయ్యా? నువ్వేం ఇంజనీరువి? కనపడిందల్లా కోసుకొచ్చి దేవుడి నెత్తిన పెట్టేయడమేనా? నాకు వాసన రాలేదన్నప్పుడైనా నోరు విప్పొద్దూ?" నేను "తప్పే మామయ్యా, అవును మామయ్యా" అంటూనే ఉన్నాను. ఇంత హక్కుగా నన్ను తిట్టినవాళ్లు పుట్టాక లేరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మందు మండుతోందేమో అనుకుని ఆయన కాసేపు తగ్గి, మళ్లీ అందుకున్నారు.

సిగ్నల్ దగ్గర మా ఆవిడ అద్దంలోంచి వెనక్కి చూసింది. "ఇక చాల్లే నాన్నా, పాపం, తను మాత్రం కావాలని చేశాడా?"

"నువ్వు ముందు చూసి నడుపమ్మా" అన్నారు మామగారు. "మేం మాట్లాడుకుంటున్నాం కదా."