నిలవ నెత్తురు

ఆసుపత్రి ల్యాబులో అతన్ని అందరూ డేగకళ్ళాయన అనేవారు. ఆ పేరంటే అతనికి ఎంత ముద్దో! మెషీను లెక్క చెప్పినా సరే, నెత్తుటి చుక్కను స్లైడు మీద పలచగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో తన కంటితో చూస్తే గానీ రిపోర్టు మీద సంతకం పెట్టేవాడు కాదు.

అలాంటివాడి దగ్గరికి ఓ మధ్యాహ్నం సొంత బావమరిది నెత్తురు వచ్చింది. బావమరిది ధాన్యం గోదాములో కాపలాదారు. పనంటే ఒళ్ళు దాచుకుంటాడని ఇతనికి గట్టి నమ్మకం. మూతపడ్డ గది తెరిపించి ఎలుకల పెంట తనచేత ఊడ్పించారని కిందటి నెలంతా సణిగాడు. ఇప్పుడేమో జ్వరం, నడుం నొప్పి అంటూ మంచమెక్కాడు.

"మీ తమ్ముడిది జ్వరం కాదే, బద్ధకం," అని పొద్దున్నే భార్యను ఆటపట్టించి వచ్చాడు కూడా.

స్లైడులో తెల్లకణాలు విపరీతంగా ఉన్నాయి. కొన్ని మామూలు వాటికంటే బాగా పెద్దవి, ముదురు నీలం అంచులతో ఉన్నాయి. ఇంకా ఎదగని పసికణాలూ ఉన్నాయి. ప్లేట్‌లెట్లు వెతికితే గానీ దొరకలేదు. ఇంకెవరి నెత్తురైనా అయితే డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాడే.

'ట్యూబు పొద్దుటి నుంచీ బల్ల మీదే పడి ఉంది. నిలవ నెత్తురులో కణాలు ఉబ్బుతాయి,' అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. చెప్పుకోదగ్గ మార్పులేమీ లేవని రాసి పంపేశాడు. మళ్ళీ నెత్తురు తీయించడం ఎంతసేపు? మనసొప్పలేదు, అంతే.

మర్నాడు బావమరిదిని ఎగశ్వాసతో తీసుకొచ్చారు. డ్యూటీ డాక్టరమ్మ ల్యాబుకు వచ్చి పాత స్లైడు అడిగి చూసింది.

"ఇవి నిన్న కనపడలేదా అండీ?"

"నిలవ నెత్తురనుకున్నానమ్మా."

"ఎలుకలున్న చోట ఏమైనా పనిచేశాడా?"

"చేశాడు," అన్నాడు.

ఎలుకల పెంట దుమ్ము పీలిస్తే సోకే వైరస్ అయి ఉంటుందనీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనీ చెప్పి, ఆవిడ అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపించింది. నిన్ననే చెప్పి ఉంటే ఒక రోజు కలిసొచ్చేది. ఆ రోజును మింగింది ఎవరి బద్ధకమో అతనికి బాగా తెలుసు.

బావమరిది చావు తప్పి ఇంటికొచ్చాడు. నాలుగడుగులేస్తే ఆయాసం. గోదాము పని ఇక కుదరదన్నారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరి ముందూ బావమరిది అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మా బావ చేసిన స్లైడు వల్లే నా జబ్బు బయటపడిందట! డేగకళ్ళు మరి!"

భార్య మురిసిపోయింది. అతను మాత్రం సిగ్గుతో చితికిపోయాడు. ఊరుకుంటే ఆ మాట అలాగే నిలిచిపోయేది.

"ముందురోజే చూశాన్రా," అన్నాడు తలెత్తకుండా. "నీ నెత్తురే కదా అని పట్టించుకోలేదు."

బావమరిది మెల్లగా చెయ్యి లాక్కున్నాడు. ఆ కాస్త పనికే ఆయాసం వచ్చింది.