ఫోను పాపకియ్యప్పా

మా సిస్టరమ్మ పోయింది. నా కూతురికి, అదే మా పాపకు, జబ్బు చేసినప్పుడు ఆస్పత్రిలో చూసుకున్న నర్సు. పులివెందులలో తన చెల్లెలింట్లో పొద్దున కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కూర్చున్న కుర్చీలోనే కన్ను మూసింది. ఫోను చేసి చెప్పింది ఆ చెల్లెలే. నేనప్పుడు ప్రొద్దుటూరులో మా పాప ఇంటి ముందర మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. ఆ మాట వింటూ వింటూ చెంబెడు నీళ్లూ ఒకే మొక్కకు పోసేశాను.

దానికి కొన్నాళ్ల ముందే డాక్టరు పాపను పరీక్ష చేసి, "జబ్బు జాడ లేదమ్మా, ఇక అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలు" అన్నాడు. ఆ సంగతి మొదట, అప్పటికే రిటైరై ఊరికి పోయిన సిస్టరమ్మకే చెప్పాలని ఆస్పత్రి మెట్ల మీద నిలబడే ఫోను చేశాను. సంతోషంతో నాకు మాట తడబడింది. ఆమె ఆ ఒక్క మాట విని, "శానా సంతోషమప్పా. ఫోను పాపకియ్యి" అంది. ఎప్పుడూ అంతే. నా సంతోషం నన్ను పూర్తిగా చెప్పుకోనిచ్చేది కాదు.

పోయిన మనిషిని తలుచుకుంటూ ఈ ముసలాయన ఇంత కులాసాగా రాస్తున్నాడేమని చదివేవాళ్లు అనుకోవద్దు. నా బిడ్డ బతికి, పక్క గదిలో కుట్టు మిషను తొక్కుతోంది. ఆ చప్పుడు వింటూ సిస్టరమ్మ గురించి ఏడుస్తూ రాయమంటే నా వల్ల కావడం లేదు.

మాది చాపాడు పక్కన సేద్యం. నా చదువు ఏడో తరగతితో ఆగింది. పాప ప్రొద్దుటూరులో రవికలు కుడుతుంది. రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి, ఆ తర్వాత కీమో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. అల్లుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి ఆస్పత్రికి నేనే వెంట పోయేవాణ్ని. పాపను మంచం దిగనిచ్చేవాణ్ని కాదు. దువ్వెన కూడా నేనే అందించేవాణ్ని. డాక్టరు "ఎట్లుందమ్మా?" అని పాపను అడిగితే, "బాగుంది సార్" అని నేను చెప్పేవాణ్ని.

ఆ మందుకు పాప నోరంతా పూసింది. మంచినీళ్లు మింగినా మంటే. సిస్టరమ్మ నాతో, "ఉప్పు, సోడా ఏసిన నీళ్లతో పుక్కిలించమనప్పా" అని చెప్పి ఇంకో మంచం దగ్గరికి పోయింది. ఉప్పు సోడా అంటే నాకు తెలియదా! నేరుగా సోడాబండి దగ్గరికి పోయి, గోలీసోడా కొట్టించి ఉప్పు వేయించాను. బండాయన నిమ్మకాయ పిండబోతే, "పేషంటుకప్పా, నిమ్మకాయ వద్దు" అని నా తెలివి కూడా చూపించాను.

పాప నోట్లో పోసుకుందో లేదో, కెవ్వుమని నా చొక్కా మీదికి ఉమ్మేసింది. సిస్టరమ్మ పరుగున వచ్చింది.

"ఏందప్పా ఇది?"

"నువ్వు చెప్పిన సోడానే కదా తల్లీ!"

ఆమె సీసాను చూసింది, తడిసిన నా చొక్కాను చూసింది. "వంటసోడా అప్పా! బజ్జీలకేసేది! గోరువెచ్చని నీళ్లల్లో చిటికెడు కలిపేది!" అని గోడకు ఆనుకుని నవ్వింది. తనే ఆ నీళ్లు కలిపి తెచ్చి పాప చేత పుక్కిలింపించింది. మంట తగ్గాక పాప కూడా నవ్వింది. జబ్బు తేలినప్పటి నుంచి నా బిడ్డ నవ్వడం అదే మొదలు. నా చొక్కా పోతే పోయింది.

"తప్పు నీది కాదులేప్పా, నాదే" అంది సిస్టరమ్మ. "సగమే చెప్తి. అది గూడా చెప్పాల్సినోళ్లకు చెప్పల్యా."

ఆ రోజు నుంచి ఏం చెప్పినా పాపకే చెప్పేది. చెప్పి పోయేది కాదు. స్టూలు లాక్కుని కూర్చుని, "ఇప్పుడు నువ్వు చెప్పు పాపా, ఇంటికి పోయి ఏం జేస్తావో. నీ మాటల్లోనే చెప్పు" అనేది. నేను మధ్యలో నోరు తెరిస్తే, "జరమొచ్చేది నీకా, ఆయమ్మకా? గమ్మునుండప్పా" అనేది. సూది వేసే ముందు కూడా "చెయ్యి పట్టుకోనా?" అని అడిగి పట్టుకునేది. "నీ ఒళ్లు నీకు తెలిసినంత నాకు తెలీదు పాపా. నువ్వు చెప్తేనే నాకు తెలిసేది" అనడం ఆమెకు అలవాటు.

చూడటానికి వచ్చిన చుట్టాలందరూ తలా ఒక పత్యం చెప్పిపోయేవాళ్లు. గుడ్డు వద్దు, పప్పు వద్దు, పెరుగు వద్దు. పాప పోయి సిస్టరమ్మను అడిగింది. "వాళ్లు చెప్పిన పత్యం వాళ్లనే ఉండమను. నువ్వు గుడ్డు బాగా ఉడకబెట్టుకోని తిను. ఒక్కసారే తినలేకుంటే కొంచెం కొంచెం తిను" అంది. ఆ తర్వాత మా అక్క దగ్గుకుంటూ వస్తే, పాప తలుపు దగ్గరే నిలబడి, "అత్తా, నీకు దగ్గుంది, నాకంటుకుంటే కష్టం. వాకిట్లోనే కూచో, ఈడ్నుంచే మాట్లాడుకుందాం" అంది. మా అక్క అలిగి కాఫీ కూడా తాగకుండా పోయింది. నాకు లోపల్లోపల ఎంత సంబరమో!

ఒకనాడు నేను జమ్మలమడుగులో చుట్టాల గృహప్రవేశానికి పోయాను. నేను లేనప్పుడు పాపకు చలి పెట్టింది. తనే థర్మామీటరు పెట్టుకుని చూసుకుంది. జ్వరం. పక్కింటామె కషాయం కాచిస్తానంది. "కషాయం తర్వాత తాగుతాలే అక్కా, ముందు ఆటో పిలువు" అని చెప్పి పాప ఆస్పత్రికి పోయింది. కబురు తెలిసి నేను భోజనం విస్తరి దగ్గర నుంచే లేచి, బస్సు పట్టుకుని, ఆయాసపడుతూ చేరుకునేసరికి పాపకు సెలైను ఎక్కుతోంది. కీమోలో ఉన్నవాళ్లు జ్వరాన్ని చూద్దాంలే అని ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుందని, సమయానికి వచ్చిందని డాక్టరు చెప్పాడు.

తలుపు దగ్గర సిస్టరమ్మ ఎదురైంది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ నోరు ఊరుకుంటుందా? "సూసినావాప్పా? ఈ పొద్దు నువ్వు లేకుంటేనే అన్నీ సరిగ్గా జరిగె!"

అంత మంచి తిట్టు నేను ఇంకెవరి దగ్గరా తినలేదు.

ఆమె కర్మకాండకు పులివెందులకు పోయినప్పుడు, ఆమె చెల్లెలు పాపతో ఒక మాట చెప్పింది. జమ్మలమడుగులో ఒకామెకు కొత్తగా కీమో మొదలైందట. సిస్టరమ్మ రిటైరయినా ఆమెకు ఫోనులో ధైర్యం చెప్తూ ఉండేదట. సిస్టరమ్మ పోయిందని తెలిసి ఆమె అన్నం మానేసి మంచం పట్టిందని. పాప వెంటనే నంబరు అడిగి తీసుకుంది.

మొన్న ఆమెను చూడటానికి పాప జమ్మలమడుగుకు బయలుదేరుతుంటే నేను కూడా పంచె మార్చుకుని తయారయ్యాను.

"యాడికి నాయనా?"

"నీతోనే. ఒక్కదానివే ఎట్ల పోతావు?"

"నువ్వొస్తే ఆయమ్మ నోరు తెరవదు. ఆయమ్మ మాటలు గూడా నువ్వే చెప్తావు."

బస్టాండు దాకా మాత్రం రానిచ్చింది. బస్సు కిక్కిరిసి ఉంది. ఆపరేషనైన కొత్తలో భుజం దాకా కూడా లేవని చెయ్యినే పైకెత్తి కమ్మీ పట్టుకుని లోపలికి పోయింది. బస్సు కదిలింది. పాప చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఆ జమ్మలమడుగు ఆమెకే కాబోలు, ఏదో చెప్తూ నవ్వుతోంది. కిటికీ కింద నేను చెయ్యి ఊపుతూ నిలబడి ఉన్నానన్న సంగతే మరిచిపోయింది.