గుమ్మం దగ్గరి చెప్పులు

అనాథాశ్రమం రిజిస్టరులో ఆ అమ్మాయి పేరుకు ఎదురుగా "పద్దెనిమిది నిండాయి, పంపించాం" అని ఒకే లైను ఉంటుంది. పంపించాక ఏమైందో ఎక్కడా లేదు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

తొంభైల చివర్లో, అలా బయటికి వెళ్ళే ఆడపిల్లలకు గది, పని చూసే బాధ్యత నాకు అప్పగించారు. బడిలో నా చదువు పదో తరగతి. మిగిలిందంతా గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. అక్కడే ఆ పిల్లల కోసం ఒక నోటుబుక్కు నింపాను. బ్యాంకులో ఫారం ఎలా నింపాలి, జ్వరమొస్తే ఎక్కడికి వెళ్ళాలి, అన్నీ. ఇక అందులో లేనిది లేదనుకున్నాను.

ఆ అమ్మాయికి వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ షాపులో పని దొరికింది. గదే కష్టమైంది. ఒంటరి ఆడపిల్ల అనగానే అందరూ తలుపు వేశారు. ఒప్పుకున్నది షాపు వెనక సందులో ఒక్కావిడే. నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడే ఫోను చేసింది.

"మీ పిల్లని తీసుకుపోండమ్మా. మా కోడలి చెప్పులు ఎత్తుకెళ్ళింది."

ఆటో తోపుడుబళ్ళ మధ్య ఇరుక్కుపోతే దిగి పరుగులాంటి నడక నడిచాను. ఈ గది పోతే ఆమెకు వేరే చోటు లేదు. ఆశ్రమం వెనక్కి తీసుకోదు. దొంగ అన్న మాట షాపుదాకా వెళితే పని కూడా పోతుంది.

నేను వెళ్ళేసరికి అమ్మాయి భోజనానికి వస్తోంది. ఆ చెప్పులతోనే.

"చూశారా ధైర్యం! వేసుకుని మరీ వచ్చింది!"

అమ్మాయి బిత్తరపోయింది. "గుమ్మం దగ్గరున్నాయి కదా పిన్నిగారూ. నా కాలికి సరిపోయాయి."

"రేపు మా ఆయన చొక్కా సరిపోతే అదీ తొడుక్కుంటావా?"

"మీ కోడలుగారు నావి వేసుకోవాల్సిందండీ. అక్కడే ఉన్నాయిగా."

లోపలి నుంచి కోడలు పకపకా నవ్వింది. "దొంగయితే తిరిగొచ్చి మన గుమ్మంలోనే విడుస్తుందా అత్తయ్యా?"

అప్పుడు వెలిగింది నాకు. ఆశ్రమంలో చెప్పులు గోనెసంచిలో వచ్చేవి. ముందు లేచిన వాళ్ళు సరిపోయిన జత వేసుకుని పోయేవారు. ఆ మాటే ఆవిడకు చెప్పాను.

"సొంత జతే ఎరగదా ఈ పిల్ల?" ఆవిడ గొంతు తగ్గింది. "సరే, ఉండనీండి. ఏమే, నీ చెప్పులు నీ గదిలో పెట్టుకో."

అమ్మాయి తన జత చేతిలోకి తీసుకుని నావైపు తిరిగింది. "అక్కా, ఇంక ఇవి ఎవరూ వేసుకోరా?"

"వేసుకోరు."

ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు. నాకూ కుదురు లేదు. దువ్వెన, తువ్వాలు, దుప్పటి... నేను రాయనివి ఇంకెన్ని?

పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు. గది ఉంచిన ఆ ఇల్లుగలావిడకు, సమయానికి నవ్విన కోడలికి, మూసే వేళ దాటినా నన్ను లేపని గ్రంథాలయం గుమాస్తాగారికి కృతజ్ఞతలు. నోటుబుక్కులో కొత్త పేజీ రాసిచ్చిన ఆ అమ్మాయికి కూడా. "చెప్పులు గదిలో పెట్టుకోవాలి. అడక్కుండా దువ్వెన తియ్యకూడదు" అని మొదలుపెట్టి, కింద బోలెడు ఖాళీ వదిలింది.